తాతగారి పెట్టెలో మిలిటరీ బ్యాడ్జీ: అసలుదో నకిలీదో తేల్చుకోవడం ఎలా

కోనసీమలో ఒక మండువా ఇంట్లో బర్మా టేకు పెట్టె తెరిచి, అడుగున పాత పంచెముక్కలో చుట్టి ఉన్న ఇత్తడి బ్యాడ్జీని నా చేతిలో పెట్టారు. పైన కిరీటం, మధ్యలో చక్రంతో సహా ఫిరంగి, ఫిరంగికి పైనా కిందా అక్షరాలున్న పట్టీలు. బ్రిటిష్ ఫిరంగి దళం, అంటే రాయల్ ఆర్టిలరీ వాళ్లు టోపీకి పెట్టుకునే బ్యాడ్జీ అది. నిన్న కొన్న చెంబులా మెరిసిపోతోంది. "ఎనభై ఏళ్ల వస్తువు ఇలా ఉంటుందా అండీ? ఇది డూప్లికేటే" అని ఆ ఇంటి మనవడు అప్పటికే తీర్పు చెప్పేశాడు. వాళ్ల మామ్మగారు పడక్కుర్చీలోంచి అందుకున్నారు: "ఏటా దసరాకి దీపం కుందులతో పాటు దాన్నీ చింతపండేసి తోమేదాన్నిరా. మీ తాతయ్య వస్తువు మకిలి పట్టి ఉంటే నాకు మనసొప్పేది కాదు."

భూతద్దం పెట్టి చూస్తే అది నూటికి నూరుపాళ్లూ అసలైన వస్తువు.

అదే ఏడాది ఒక ఊళ్లో పాత నాణేల ప్రదర్శనలో నాలుగు వేలు పోసి నేనొక బ్యాడ్జీ కొన్నాను. నల్లగా ఉంది, సందుల్లో పచ్చటి చిలుము, కాస్త మట్టి వాసన కూడా. చూడగానే యుద్ధభూమిలోంచి తవ్వి తీసినట్టుంది. ఇంటికొచ్చి తడిదూదితో ఒత్తితే చిలుము రంగు దూదికి అంటుకుంది. అది చిలుము కాదు, పూసిన రంగు. ఇరవై రోజులు నిద్రపట్టలేదు. డబ్బు పోయిందని కాదు, అంత సులువుగా నమ్మేశానే అని.

ఈ రెండు సంఘటనలూ నాకు నేర్పింది ఒకటే. పాతగా కనిపించడం పాతదనడానికి సాక్ష్యం కాదు. కొత్తగా మెరవడం నకిలీ అనడానికి సాక్ష్యం కాదు. ఆ వస్తువును ఎలా తయారు చేశారన్నదే అసలు సాక్ష్యం. దాన్ని చదవడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ పద్ధతే ఇక్కడ వరసగా చెబుతాను.

మన దగ్గరికి ఇవి ఎలా వచ్చాయి

గోదావరి జిల్లాల్లో యుద్ధకాలపు వస్తువులు దొరకడం వింతేమీ కాదు. డెల్టా అంచున తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు అది. మిలిటరీ మాధవరం అంటేనే జనం గుర్తుపడతారు. ఊళ్లో స్మారక స్తంభం కూడా ఉంది. రెండో దారి బర్మాది. కోరంగి రేవు మీదుగా రంగూన్ వెళ్లి బతికిన తెలుగువాళ్లు ఎంతమందంటే, అక్కడ తెలుగువాడికి 'కోరంగి' అన్నదే పేరైపోయింది. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు వాళ్లలో చాలామంది చేతికందింది పట్టుకుని కొండలూ అడవులూ నడిచి వెనక్కి వచ్చారు. ఆ ఏడాది ఏప్రిల్ 6న కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి. అంటే యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది.

మూడోది జనం మరిచిపోయే దారి. యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర మిగిలిన సామాను డిస్పోజల్ సరుకుగా అమ్ముడుపోయింది. బూట్లు, దుప్పట్లు, నీళ్ల సీసాలు, వాటితో పాటు బ్యాడ్జీలూ. కాబట్టి ఇంట్లో బ్యాడ్జీ ఉన్నంత మాత్రాన ఆ ఇంటివాళ్లు ఆ దళంలో పనిచేసినట్టు కాదు. దీని సంగతి చివర్లో మళ్లీ చెబుతాను.

అన్నిటికంటే ముందు: తోమకండి

చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, బ్రాసో వద్దు, టూత్‌పేస్టు వద్దు. కంసాలి దగ్గరికి తీసుకెళితే గీటురాయి మీద గీయనివ్వకండి. ఇంట్లో పెద్దవాళ్లు ఇదివరకే తోమి ఉంటే బాధపడాల్సిన పనిలేదు, అది కూడా ఆ వస్తువు చరిత్రలో భాగమే. మీరు మాత్రం తోమొద్దు. సందుల్లో పేరుకున్న మకిలే మనకు చాలా కబుర్లు చెబుతుంది. అది పోతే సాక్షిని పంపించేసినట్టే.

కావలసిన సరంజామా తక్కువే. పదింతలు పెద్దదిగా చూపించే కంసాలి భూతద్దం, పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం, సెల్‌ఫోన్ టార్చి, వెడల్పూ మందమూ కొలిచే వెర్నియర్ కాలిపర్, గ్రాములో పదోవంతు చూపించే చిన్న కాటా. బట్టతో చేసిన బ్యాడ్జీ అయితే నోట్లు చెక్ చేసే నీలి లైటు కూడా కావాలి. కిరాణా హోల్‌సేల్ కొట్లలో ఉంటుంది, కాసేపు అడిగితే ఇస్తారు.

1. ముందు వెనక్కి తిప్పండి

అందరూ ముందువైపే చూస్తారు. నకిలీ చేసేవాడికి ఆ సంగతి తెలుసు, అందుకే వాడి శ్రద్ధంతా ముందువైపే ఉంటుంది. మనం వెనక నుంచి మొదలుపెట్టాలి.

ఆ కాలపు మామూలు సైనికుల టోపీ బ్యాడ్జీలు ఎక్కువగా అచ్చు గుద్దినవి. పల్చటి ఇత్తడి రేకును ఉక్కు అచ్చుల మధ్య పెట్టి భారీ యంత్రంతో ఒక్క దెబ్బ కొడితే బొమ్మ లేచేది. అందువల్ల ముందువైపు ఎక్కడ ఉబ్బుగా ఉందో వెనక అక్కడ గుంట ఉంటుంది. కాజా తిరగేస్తే మడతలు వెనక కూడా కనిపించినట్టు, బొమ్మ నీడ వెనక కనిపించాలి. కోనసీమ బ్యాడ్జీ తిప్పితే ఫిరంగి గొట్టం వెనకవైపు చక్కగా కాలువలా లోతుగా ఉంది.

పోత పోసినది వేరుగా ఉంటుంది. అసలు బ్యాడ్జీని మట్టిలోనో ఇసుకలోనో నొక్కి ఆ గుంటలో కరిగించిన లోహం పోస్తారు. వెనక బల్లపరుపుగానో, గరుకుగానో, ఇసుక రేణువుల మచ్చలతోనో వస్తుంది. భూతద్దంలో చూస్తే సూదిమొనంత గుల్లలు కనిపిస్తాయి. ముందువైపు గీతలు కరిగిన బెల్లం అచ్చులా మొద్దుబారి ఉంటాయి. ఫిరంగి చక్రం ఆకులు చూడండి. అచ్చు గుద్దినదాంట్లో ఒక్కో ఆకుకూ అంచు పదునుగా ఉంటుంది. పోతలో ఆకుకూ ఆకుకూ మధ్య కాస్త బురద నిండినట్టు ఉంటుంది.

తేడా చేతికి అలవాటు కావాలంటే ఒక పూట అజ్జరం వెళ్లి రండి. పెరవలి మండలంలో ఉన్న ఆ ఊళ్లో తరతరాలుగా ఇత్తడి పనివాళ్లున్నారు. నేను నా నాలుగు వేల బ్యాడ్జీనీ, ఇంకో మంచిదాన్నీ పట్టుకుని వెళ్లి ఒక పెద్దాయన ముందు పెట్టాను. భూతద్దం కూడా అడగలేదు. రెండిటి వెనకా బొటనవేలు రాసి, "ఆయ్, ఇది పోతండి. ఆకురాయితో రుద్ది నునుపు చేశారు. ఇదేమో దెబ్బకి లేచిందండి, రేకు సాగింది చూడండి" అన్నారు. రేకు సాగిన చోట వేలికి తెలిసే ఆ నునుపు, పోత మీద ఆకురాయి వదిలిన సన్నటి గీతలు. ఆ రోజు నుంచి నా బొటనవేలే నా మొదటి పరికరం.

ఇక్కడ ఒక హెచ్చరిక. 'పోత అయితే నకిలీ' అని ఇంగ్లండులో కూర్చున్నవాళ్లు సులువుగా అనేయవచ్చు, మనం అనకూడదు. యుద్ధకాలంలో ఇండియాలో ఉన్న దళాలకు ఇంగ్లండు నుంచి సరుకు సరిగ్గా అందేది కాదు. కంటోన్మెంటు బజార్లలోని పనివాళ్లు బ్యాడ్జీలు పోతపోసి ఇచ్చేవారు. అవి మోటుగా ఉన్నా అసలైనవే, సైనికులు నిజంగా పెట్టుకుని తిరిగినవే. బజారు పోత బ్యాడ్జీని ఇప్పటి నకిలీ నుంచి వేరు చేయాలంటే కింద చెప్పే మిగతా పరీక్షలన్నీ కలిపి చూడాలి. ఈ ఒక్క మెట్టు దగ్గరే తీర్పు ఇచ్చేస్తే మన దేశపు వస్తువులకే అన్యాయం జరుగుతుంది.

2. అంచులు, ఖాళీలు, వెనకున్న పట్టు

అచ్చు గుద్దాక బ్యాడ్జీ చుట్టూ మిగిలిన రేకును, బొమ్మ మధ్యలోని ఖాళీలను ఇంకో కోత అచ్చుతో ఒక్క ఊపున కత్తిరించేవారు. అందుకని అంచును పక్క నుంచి టార్చి వేసి చూస్తే, కత్తెర తెగినట్టు సన్నటి నిలువు గీతలు ఒకే దిశలో కనిపిస్తాయి. ఫిరంగికీ కింది పట్టీకీ మధ్య ఖాళీల లోపలి గోడలు కూడా అలాగే ఉండాలి. పోతలో ఈ ఖాళీలు మూసుకుపోయైనా ఉంటాయి, రంపంతో కోసినట్టు వంకరగానైనా ఉంటాయి. అంచు చుట్టూ మధ్యలో గీతలాంటి అతుకు కనిపిస్తే అది రెండు సగాల అచ్చులో పోసినదని అర్థం.

తర్వాత పట్టు. టోపీకి తగిలించే ఏర్పాటు రెండు రకాలుగా ఉండేది: టోపీ బట్ట చీలికలోకి దూర్చే పొడవాటి నాలుకలాంటి స్లైడర్, లేదా రెండు రాగి తీగ రింగులు. భుజం పట్టీల మీద పెట్టుకునే ఇత్తడి అక్షరాలకు రింగులే ఉంటాయి. స్లైడర్ అసలుదైతే దాని చివర చిన్న మడత ఉండి, బట్టలోంచి దూరి దూరి అంచులు నునుపెక్కి ఉంటాయి. టంకం చూడండి. పాత టంకం బూడిదరంగుకు తిరిగి, చుట్టూ ఉన్న ఇత్తడితో పాటే నల్లబడి ఉంటుంది. వెండిలా తళుక్కుమనే బొట్టు కనిపిస్తే అది ఈమధ్య పెట్టినది. అయితే రింగు ఊడిపోతే సైనికుడే అతికించుకుని ఉండవచ్చు, లేదా వాళ్లబ్బాయి ఆడుకుంటూ విరగ్గొడితే ఊళ్లో అతుకు వేయించి ఉండవచ్చు. మరమ్మతు వేరు, మోసం వేరు.

స్లైడర్ మీద గాంట్, ఫర్మిన్ లాంటి పేరున్న తయారీదారుల ముద్ర ఉంటే పొంగిపోకండి. నకిలీలు చేసేవాళ్లు ముందుగా కొట్టేది ఆ ముద్రలే.

అన్నిటికంటే కష్టమైన రకం ఇంకోటుంది. పాత అచ్చులే సంపాదించి, వాటితో ఇప్పుడు కొత్త రేకు మీద గుద్దినవి. వీటిని రీస్ట్రైక్ అంటారు. అచ్చు అసలుదే కాబట్టి బొమ్మలో తప్పు దొరకదు. అరిగిన అచ్చు వల్ల గీతలు కాస్త మెత్తబడతాయి. అచ్చు పగిలిన చోట బ్యాడ్జీ మీద వెంట్రుకంత ఉబ్బు గీత వస్తుంది. రేకు మందం తేడాగా ఉండవచ్చు. నేను ముఖ్యంగా చూసేది స్లైడర్ కింది భాగం. ఎనభై ఏళ్లు గాలి తగిలిన బ్యాడ్జీలో స్లైడర్ కప్పిన చోటికీ బయటికీ రంగు తేడా ఉంటుంది. అంతటా ఒకే రంగు ఉంటే నాకు అనుమానమే.

3. కిరీటం తేదీ చెబుతుంది

నాకు ఎంతో ఇష్టమైన మెట్టు ఇది. ఎందుకంటే ఇక్కడ పరికరం అక్కర్లేదు, తెలిసి ఉంటే చాలు.

1901 నుంచి 1953 దాకా బ్రిటిష్ రాజు కిరీటం బొమ్మ ఒక తీరుగా ఉండేది. దాని కమానులు రెండు పక్కల నుంచీ గుండ్రంగా పైకి లేచి, మధ్యలో ఎక్కడా కుంగకుండా కలిసేవి. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం దగ్గర నుంచి కొత్త కిరీటం వచ్చింది. దాని కమానులు పక్కలకు ఉబ్బి, సరిగ్గా నడిమధ్యలో లోపలికి కుంగి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ బ్యాడ్జీ అని ఇచ్చి, దాని మీద కుంగిన కిరీటం ఉంటే బేరం అక్కడితో ఆపేయవచ్చు.

మన సైన్యపు బ్యాడ్జీల విషయంలో ఇది ఇంకా గట్టి పరీక్ష. 1950 జనవరి 26న మనం రిపబ్లిక్ అయ్యాక సైన్యం చిహ్నాల్లో కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. రాణి కిరీటం వచ్చిందేమో 1953లో. కాబట్టి ఎలిజబెత్ రాణి కిరీటంతో భారత సైన్యపు బ్యాడ్జీ ఉండటానికి వీల్లేదు. ఆన్‌లైన్‌లో అలాంటివి చూశాను, 'అరుదైనది' అని ఎక్కువ ధర కూడా పెట్టారు. ఒక్క జాగ్రత్త: 1901కి ముందు విక్టోరియా కాలపు కిరీటం కూడా పక్కలకు ఉబ్బినట్టే ఉంటుంది, కాబట్టి పాత దళాల మీద అది కనిపిస్తే గాభరా పడి కొట్టిపారేయకండి. ఇంకో సంగతి, ఇప్పటి చార్లెస్ రాజు మళ్లీ ఆ పాత తరహా గుండ్రటి కిరీటాన్నే ఎంచుకున్నారు. అంటే గుండ్రటి కిరీటం ఉన్నంత మాత్రాన పాతది అయిపోదు.

దళాల పేర్లకు కూడా పుట్టినరోజులు ఉంటాయి. ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ 1943లో ఏర్పడింది. ఆ పేరున్న బ్యాడ్జీని '1940లో ఈజిప్టులో పెట్టుకున్నారు' అని చెబితే కుదరదు. భారత వాయుసేన 1932లో పుట్టింది కానీ 'రాయల్' అన్నది 1945లో చేరి 1950లో పోయింది. సైన్యానికి సరుకులు చేరవేసే సర్వీస్ కోర్‌కు 'రాయల్' 1935లో వచ్చింది. నౌకాదళం 1934లో రాయల్ ఇండియన్ నేవీ అయింది. మద్రాస్ రెజిమెంటు మొదటి యుద్ధం తర్వాత రద్దయి, రెండో యుద్ధంలో మళ్లీ లేచింది. ఈ తేదీలు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకుంటే చాలు, సగం అబద్ధాలు అమ్మేవాడి నోట్లోనే ఆగిపోతాయి.

అక్షరాలు కూడా ఒక్కొక్కటీ చదవండి. రాయల్ ఆర్టిలరీ బ్యాడ్జీ పై పట్టీ మీద లాటిన్‌లో 'యుబిక్వే' అని ఉంటుంది, 'అన్నిచోట్లా' అని అర్థం. పోత నకిలీల్లో ఈ చిన్న అక్షరాలే ముందు పాడవుతాయి.

4. కొలత, బరువు, అయస్కాంతం

కరిగిన ఇత్తడి చల్లారేటప్పుడు సుమారు ఒకటిన్నర శాతం కుదించుకుపోతుంది. అసలు బ్యాడ్జీ అచ్చు తీసి పోస్తే, వచ్చేది అసలుదానికంటే ఆ మేరకు చిన్నదిగా ఉంటుంది. 60 మిల్లీమీటర్లు ఉండాల్సింది 59 చిల్లర వస్తుంది. అందుకే నమ్మకమైన అసలు బ్యాడ్జీల కొలతలు మీరే స్వయంగా తీసి పుస్తకంలో రాసుకోండి. నా పుస్తకంలో బ్యాడ్జీకి ఒక పేజీ: వెడల్పు, ఎత్తు, అంచు మందం, బరువు, వెనక ఎలా ఉంది. ఎవరి ఇంట్లో ఏది చూసినా అడిగి కొలుస్తాను.

ఇత్తడి, రాగి, కంచు, జర్మన్ సిల్వర్, వీటిలో ఏదీ అయస్కాంతానికి అంటదు. బ్యాడ్జీ అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత. పిన్ను మాత్రమే అంటుకుంటే కంగారు అక్కర్లేదు, పిన్ను ఉక్కుదై ఉండవచ్చు.

ఒకవేళ తేలికగా, గోధుమరంగు ప్లాస్టిక్‌తో చేసిన బ్రిటిష్ బ్యాడ్జీ దొరికితే పిల్లల బొమ్మ అని పారేయకండి. యుద్ధం మధ్యలో లోహానికి కరువొచ్చి ప్లాస్టిక్ బ్యాడ్జీలు చేశారు. అవి ఇప్పుడు బాగా విలువైనవి.

పతకాల సంగతి వేరే పెద్ద పాఠం కానీ ఒక్కటి చెప్పి వదిలేస్తాను. మొదటి ప్రపంచ యుద్ధపు వెండి పతకం, అంటే 1914-18 బ్రిటిష్ వార్ మెడల్, 36 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. అంచు మీద సైనికుడి నంబరు, పేరు, దళం కొట్టి ఉంటాయి. పాత పేరు అరగదీసి గొప్ప దళం పేరు కొట్టి అమ్మేవాళ్లున్నారు. అంచు అరగదీస్తే వ్యాసం తగ్గుతుంది. కాలిపర్‌ను నాలుగైదు దిక్కుల్లో పెట్టి చూస్తే అది బయటపడుతుంది.

5. అరుగుదలకు ఒక న్యాయం ఉంటుంది

మనిషి వాడిన వస్తువు ఒక పద్ధతిగా అరుగుతుంది. గుడ్డ ఎక్కడ తగులుతుందో అక్కడే అరుగుతుంది: కిరీటం శిఖరం, ఫిరంగి గొట్టం పైభాగం, చక్రం నడిబొడ్డు. లోతుల్లో మాత్రం గీతలు కొత్తవాటిలా ఉండిపోతాయి. సైనికులు రోజూ పాలిష్ పెట్టేవారు కాబట్టి ఎండిన పాలిష్ తెల్లటి పొడిలా అక్షరాల సందుల్లో గట్టిపడి ఉంటుంది. నకిలీవాడు యంత్రం మీద పెట్టి అరగదీస్తాడు. అప్పుడు ఎత్తూ పల్లమూ అన్నీ ఒకేలా అరుగుతాయి.

మామ్మగారి చింతపండు సంగతి ఇక్కడ చెప్పాలి. పులుపు ఇత్తడి మీద పనిచేస్తే అక్కడక్కడా రాగిరంగు, గులాబీ మచ్చలు తేలతాయి. మన ఇళ్లలో తోమిన బ్యాడ్జీల్లో ఇవి మామూలే. ఆ బ్యాడ్జీ ముందువైపు కిరీటం మీద గులాబీ ఛాయ, చక్రం ఆకుల మధ్య ఎండిన చింతపండు పీచు పోగు ఒకటి. వెనక మాత్రం ఆవిడ తోమలేదు. అక్కడ ముదురు గోధుమరంగు, స్లైడర్ మెడ దగ్గర గట్టిపడిన కొద్దిపాటి చిలుము. గోరుతో గీరినా కదల్లేదు. ముందు వెనకలకు ఇంత తేడా ఉండటం, ఆ తేడాకు ఒక ముసలావిడ చేతిపని కారణం కావడం, ఇది ఏ నకిలీవాడూ పుట్టించలేడు.

చిలుము పరీక్షకు నీళ్లలో ముంచి పిండేసిన దూది చాలు. ఒక మూల మెల్లగా ఒత్తండి. అసలు చిలుము లోహంలోంచే పుట్టి, గుంటలో వేళ్లూనుకుని గట్టిగా ఉంటుంది. పూత అయితే దూదికి వస్తుంది. మన డెల్టా గాలిలో ఉప్పూ తేమా ఉంటాయి కాబట్టి కొత్త ఇత్తడికి కూడా రెండు వానాకాలాల్లోనే నలుపు వస్తుంది. ఈ ప్రాంతంలో నలుపును వయసుగా లెక్కపెట్టకండి.

6. బట్టతో చేసిన బ్యాడ్జీలు

బర్మా యుద్ధంలో ఇవే ఎక్కువ, నకిలీలూ వీటిలోనే ఎక్కువ. ఒక్కో డివిజన్‌కు భుజం మీద కుట్టుకునే ఒక బొమ్మ ఉండేది. 17వ భారత డివిజన్‌కు నల్లపిల్లి, 5వ డివిజన్‌కు నల్లబట్ట మీద ఎర్రటి గుండ్రం, 7వదానికి బంగారు రంగు బాణం. జనరల్ స్లిమ్ నడిపిన 14వ సైన్యానికి ఎరుపు నలుపు డాలు మీద తెల్ల కత్తి. ఆ కత్తి మొన కిందికి ఉంటుంది. బర్మాను ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతూ తిరిగి గెలవాలన్నది అందులోని ఆలోచన. మొన పైకి ఉన్నది మీకు అమ్మజూపితే ఇక చూడాల్సింది ఏమీ లేదు.

బొమ్మ సరిపోయాక దారం దగ్గరికి రండి. వెనక నుంచి వేలాడే ఒక్క పోగు తీసి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల పెట్టండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది. పోగు ముడుచుకుపోయి చివర గట్టి పూసలా కరిగిందంటే అది పాలిస్టర్ లాంటి కృత్రిమ దారం. పాలిస్టర్‌ను 1941లో కనిపెట్టినా బట్టల్లోకి వచ్చింది 1950ల్లోనే. దీంతో చాలా కేసులు తేలిపోతాయి.

నీలి లైటు కింద చూసేటప్పుడు తొందర వద్దు. బట్టలు తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు యుద్ధం తర్వాతే విరివిగా వాడుకలోకి వచ్చాయి. కాబట్టి దారాలు నీలంగా భగ్గుమని వెలిగితే అనుమానించాలి. అయితే అసలు బ్యాడ్జీని ఎవరో ఇప్పటి సర్ఫుతో ఉతికినా అలాగే వెలుగుతుంది. తేడా ఏమిటంటే, ఉతికినది అంతటా పల్చగా వెలుగుతుంది. కొత్త దారంతో కుట్టినది బట్ట చీకటిగా ఉండి కుట్టు మాత్రమే వెలుగుతుంది.

మన దేశంలో దర్జీలు కుట్టినవి ఒకదానికొకటి సరిగ్గా కలవవు. పిల్లి తోక ఒకదాంట్లో పొడుగు, ఒకదాంట్లో పొట్టి. అది తప్పు కాదు. వెనక టిచ్ బటన్లో, కొక్కేలో ఉంటే మంచి సూచన: చాకలికి వేసేముందు తీసి పెట్టుకోవడానికి ఆ ఏర్పాటు చేసుకునేవారు. పది ఒకేచోట దొరికి, పదీ యంత్రం కుట్టినట్టు అచ్చం ఒకేలా, మురికి కూడా ఒకే టీ రంగులో ఉంటే మాత్రం దూరంగా ఉండండి.

ఇంకో మాట గట్టిగా చెబుతాను. బర్మా అడవుల్లో శత్రువు వెనక్కి చొరబడి పోరాడిన చిందిత్ దళాల సింహం, పారాచూట్ రెక్కలు, ఆజాద్ హింద్ ఫౌజ్ చిహ్నాలు, వీటి దగ్గర అనుమానం రెట్టింపు చేయండి. నేతాజీ పేరు వినగానే మనకు మనసు కరుగుతుంది. నాకూ కరుగుతుంది. నకిలీవాడు పెట్టుబడి పెట్టేది ఆ కరిగే మనసు మీదే. ఆజాద్ హింద్ వస్తువును కాగితం సాక్ష్యం లేకుండా, అనుభవమున్న ఇద్దరికి చూపించకుండా కొనవద్దు.

7. కథను విడిగా పరీక్షించండి

వస్తువు పరీక్ష అయిపోయాకే కథ వినండి. ముందు వింటే కళ్లు కథ చెప్పినట్టే చూస్తాయి.

డిశ్చార్జి సర్టిఫికెట్, పే బుక్కు, పెన్షన్ కాగితాలు, వెనక రాత ఉన్న ఫొటోలు, యూనిట్ నుంచి వచ్చిన ఉత్తరాలు, వీటిలో ఏది దొరికినా బ్యాడ్జీ కంటే జాగ్రత్తగా చూసుకోండి. సర్వీస్ నంబరు దొరికితే కుటుంబసభ్యులు ఆ దళం రికార్డ్ ఆఫీసుకు రాసి అడగవచ్చు. మద్రాస్ రెజిమెంటు కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది, మద్రాస్ ఇంజనీర్లది బెంగళూరులో. యుద్ధంలో చనిపోయినవారైతే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరు వెతకవచ్చు.

కోనసీమ ఇంట్లో 'తాతగారు ఫిరంగి పేల్చారు' అన్నది అందరూ చెప్పుకునే మాట. పెట్టె అరలో మడతపెట్టిన డిశ్చార్జి కాగితం దొరికింది. అందులో ఉన్నది సర్వీస్ కోర్, లారీ డ్రైవరు. మనవడి ముఖం చిన్నబోయింది. "గుండ్లు ఎవరు మోస్తే పేలాయి మరి?" అన్నారు మామ్మగారు. ఫిరంగి బ్యాడ్జీ ఆయన చేతికి ఎలా వచ్చిందో ఏ కాగితమూ చెప్పలేదు, స్నేహితుడు ఇచ్చి ఉండవచ్చు. బ్యాడ్జీ అసలుదే, ఆయన సేవా అసలుదే. రెండిటినీ ముడిపెట్టిన కథ ఒక్కటే సరిదిద్దుకోవాల్సి వచ్చింది.

కొనేవాళ్లకు, దాచేవాళ్లకు

ముందు, వెనక, అంచు, స్లైడర్ దగ్గరగా, ఈ నాలుగు ఫొటోలు పంపని వాడి దగ్గర కొనకండి. 'నచ్చకపోతే తిరిగి తీసుకుంటాను' అని రాతపూర్వకంగా అడగండి. వందేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు అవుతుంది, దాన్ని విదేశాలకు అమ్మి పంపడం నేరం. మొదటి యుద్ధపు పతకాలు ఇప్పటికే ఆ గీత దాటాయి. ఇక పాత ఇనుప సామాన్ల బండికి కిలోల లెక్కన వేసేముందు దయచేసి ఎవరికైనా ఒకసారి చూపించండి. అలా కరిగిపోయినవి నాకు తెలిసే చాలా ఉన్నాయి.

దాచేటప్పుడు రబ్బరు బ్యాండు, మెత్తటి ప్లాస్టిక్ కవరు వాడకండి, రెండూ లోహాన్ని తింటాయి. ఉతికిన పాత నూలుగుడ్డలో చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పక్కన పెట్టి, వానాకాలం ముందు ఆ పొట్లం మార్చండి. ఒక చీటీ మీద తెలిసినదంతా రాసి వస్తువుతోనే ఉంచండి.

ఆ మనవడు నా ముందే చీటీ రాశాడు: "రాయల్ ఆర్టిలరీ టోపీ బ్యాడ్జీ. 1901కీ 1953కీ మధ్యది. అచ్చు గుద్దినది, స్లైడర్ అసలుదే. తాతయ్య పెట్టెలో దొరికింది. తాతయ్య పనిచేసింది సర్వీస్ కోర్‌లో, లారీ డ్రైవరుగా. ముందువైపు గులాబీ మచ్చలు మామ్మ దసరాకి చింతపండుతో తోమినందువల్ల వచ్చినవి."